జోడీ హాజరు

కిందటి వారం ప్రగతిని పద్మనగర్ గల్లీ మొదట్లో, చంకలో ఫైలుతో, మొహంలో దిగులుతో నిలబెట్టి వచ్చేశాను. వారం రోజులు ఎండలో నిలబడ్డ మనిషిని ఇంకా ఆపడం న్యాయం కాదు. కథలోకి కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను కదిలిస్తాను.

ప్రగతి మహారాష్ట్రలోని ఈ భివండిలో, తెలుగువాళ్లుండే ఈ పద్మనగర్‌లోనే పుట్టి పెరిగిన నేతగాళ్ల పిల్ల. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో విద్యాశాఖ అధ్యాపకురాలు, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే మనిషి. తను బీకాం చదివిన కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్‌ని ఎంచుకోవడానికి ట్రస్టువాళ్లు ఆమె సాయం అడిగారు. ఆమె తొంభై ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేసింది. నాయకత్వం మీద ముప్పై, భావోద్వేగ ప్రజ్ఞ మీద ముప్పై, సృజన మీద ముప్పై. నలభై రెండు మంది అధ్యాపకులు దాన్ని పూరించారు. ఇంగ్లీషు శాఖ భూషణ్ గారు మొదటి స్థానంలో వచ్చారు. కామర్స్ శాఖ అధిపతి లక్ష్మీకాంతం గారు, అంటే ప్రగతికి చదువు చెప్పిన గురువు, ఆమె మనసులో ఆ ప్రిన్సిపాల్ కుర్చీలో ఎప్పుడో కూర్చోబెట్టేసుకున్న మనిషి, నలభై రెండో స్థానంలో వచ్చారు. నలభై ఒకటో స్థానం వచ్చినాయన సగం కాగితాలు ఖాళీగా వదిలేశాడట.

ఆయన జవాబులు చూసి ప్రగతి తల పట్టుకుంది. 'నిర్ణయం తీసుకునే ముందు సందేహిస్తారా?' అంటే 'ఎల్లప్పుడూ' అని టిక్కు. 'మీ కింద పనిచేసేవారు మీ ఆదేశాలు పాటిస్తారా?' అంటే టిక్కు లేదు, పక్కన చిన్న అక్షరాలతో 'నా కింద ఎవరూ లేరు' అని రాత. 'కోపాన్ని అదుపులో ఉంచుకోగలరా?' అంటే 'మా ఇంట్లో అడగవలెను'. ఇలాంటి కాగితాల మీద లోకంలో ప్రతివాడూ కాస్త ఇస్త్రీ చేసుకుని కనబడతాడు. ఈయనొక్కడే లుంగీ మీద వచ్చేశాడు.

కమిటీ రేపే, శనివారం. నలుగురి ముందు ఆ సంఖ్య వినేకంటే ముందుగా తన నోటితో వింటే మేలని ప్రగతి ఈ శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. చంకలోని ఫైలులో ఆయనకు అనుకూలంగా ఒకే ఒక్క కాగితం ఉంది. కార్ఖానాల్లో పనిచేస్తూ చదువుకునే వాళ్లే ఎక్కువగా ఉన్న ఆయన మూడో సంవత్సరం బీకాంలో హాజరు ఎనభై శాతం. మరే శాఖలోనూ అంత లేదు. ఆ హాజరు పట్టీలు సరిచూశానని ఆమె సంతకం పెట్టడమొకటే మిగిలింది. ఆ ఒక్క కాగితం పట్టుకుని రేపు గట్టిగా వాదించాలనుకుంటోంది.

పదండి, గల్లీలోకి వెళ్దాం.

యమునాబాయి గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. లక్ష్మీకాంతం గారి భార్య ఆమె. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, రెంటికీ తలుపుల్లేవు.

“ఎవలూ, ప్రగతా? ఎన్నొద్దులాయె బిడ్డా నిన్ను సూసి! గట్ల సన్నబడ్డవేంది? ఆ యూనివర్సిటీల తిండి పెడ్తలేరా?”

“సార్ ఉన్నారా చిన్నమ్మా?”

“ఇయ్యాల శుక్రారం గదా, రాజమౌళి సేటు కార్ఖాన్ల ఉంటడు.”

“సెలవు రోజు కార్ఖానాలో ఏం పని?”

“సుట్టీ గనుకనే పోయిండు. నువ్వే పోయి సూడు. ఛాయ్ పెడ్త, ఇద్దరు కలిసి రాండ్రి.”

భివండికి ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. ఆ రోజు కరెంటు ఉండదు, ఊళ్లో ఉన్న సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతాయి. మిగతా ఆరు రోజులూ పన్నెండేసి గంటల చొప్పున పగటిపాళీ, రాత్‌పాళీ. ఈ వారం పగలు పనిచేసినవాడు వచ్చే వారం రాత్రి పనిచేస్తాడు, రాత్రివాడు పగటికి వస్తాడు. అవే సాంచెల మీద ఒకడు దిగితే ఒకడు ఎక్కుతాడు. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. జన్మలో ఇద్దరూ ఒకే పూట పనిచేయరు, అయినా ఒకరి సంగతి ఒకరికి పెళ్లాలకంటే ఎక్కువ తెలుసు.

కార్ఖానా తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపలి నుంచి కేకలు వినబడుతున్నాయి. కొట్టుకుంటున్నారేమో అని ప్రగతి కంగారుగా తోసుకుని వెళ్లింది. ఎవరూ కొట్టుకోవడం లేదు. ముప్పై మందికి పైగా మగవాళ్లు సాంచెల మధ్య సందుల్లో, పడుగు నూలు చుట్టే ఖాళీ బీముల మీద, తిరగేసిన నూలు కండెల డబ్బాల మీద కూర్చుని పాఠం అప్పజెబుతున్నారు. ఆరు రోజులు సాంచెల మోతలో మాట్లాడే గొంతులు ఏడో రోజు కూడా తగ్గవు. అడిగేవాడూ అరుపే, చెప్పేవాడూ అరుపే. లక్ష్మీకాంతం గారు ప్యాంటు మడమల పైకి మడిచి, ఒక సాంచెకు ఆనుకుని, సగం నేసిన బట్ట మీద హాజరు పట్టీ పరుచుకుని నిలబడ్డారు. వయసులో ఆయనా ఇదే పని చేసినవాడు కాబట్టి ఆయన గొంతు అందరికంటే పెద్దది.

ప్రగతి సారు వెనకాల, పట్టీ కనబడేంత దగ్గరలో, నూలు చుట్టి నిలబెట్టిన ఒక బీము చాటున నిలబడింది. ఎవరూ చూడలేదు.

“అంకుశం, లెవ్వు! ఎలాస్టిసిటీ అంటే ఏంది?”

ఇరవయ్యారేళ్ల అంకుశం లేచాడు. ఈ వారం అతనిది పగటిపాళీ. కాలేజీ గేటు మొహం కూడా చూడలేదు.

“ధర పెరిగితే గిరాకి ఎంత తగ్గుతదో గది సార్!”

“అన్నిటికీ ఒక్క తీరుగనే తగ్గుతదా?”

“తగ్గది సార్! బీడీల ధర ఎంత పెరిగినా నర్సింగమన్న ఒక్క బీడి తక్వ తాగడు! గది ఇనెలాస్టిక్! చీర ధర జర పెరిగితే మా వదిన దుకాణం మెట్లు గూడ ఎక్కది! గది ఎలాస్టిక్!”

నర్సింగం అతని జోడీ. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, తరగతిలో అందరికంటే పెద్దవాడు. “ఇంట్లదాన్ని ఎందుకు గుంజుతున్నవ్‌రా నడిమిట్ల!” అని అతను అరిచేసరికి కార్ఖానా అంతా నవ్వింది.

సారు నవ్వలేదు. “అయితే బీడీ మీద సర్కారు పన్నేసింది. బరువు ఎవల మీద పడ్తది? అమ్మేటోని మీదనా, తాగేటోని మీదనా?”

అంకుశం ఒక్క క్షణం పైకప్పు రేకుల వైపు చూశాడు. “తాగేటోని మీదనే సార్! వాడు ఇడిసిపెట్టడు గదా! అమ్మేటోనికి గది తెలుసు!”

ఎంకాం తరగతుల్లో కూడా ఈ జవాబు ఇంత తేలిగ్గా రాదని ప్రగతికి తెలుసు. ఆనందంతో ఆమెకు చప్పట్లు కొట్టాలనిపించింది. లక్ష్మీకాంతం గారు పట్టీ మీదికి వంగారు. నర్సింగం పేరు ఎదురుగా, సారు క్లాసులుండే సోమవారం నుంచి గురువారం దాకా, పెన్సిలుతో చుక్కలున్నాయి. వాటి మీద సిరాతో 'హా' 'హా' 'హా' 'హా' అని రాశారు. కింద వరసలో అంకుశం పేరు ఎదురుగా నాలుగు గడులూ ఖాళీ. వాటిలోనూ అదే సిరాతో నాలుగు 'హా'లు రాశారు.

చప్పట్లు కొట్టబోయిన చేతులు అక్కడే ఆగాయి.

తర్వాతి జోడీ వంతు. ఈ వారం కాలేజీకి రాని కుర్రాడు లేచి, నీళ్లు నమిలి, తల దించుకున్నాడు. అతనికి పాఠం చెప్పాల్సిన జోడీ కళ్లు వారం రోజుల రాత్‌పాళీతో ఎర్రగా ఉన్నాయి. నాలుగు పొద్దులూ నిద్ర ఆపుకుని కాలేజీకి వచ్చినవాడు అతను. సారు రబ్బరు తీసి అతని నాలుగు చుక్కలూ చెరిపేసి, ఇద్దరికీ గైర్హాజరు వేశారు.

“తప్పు నాదే సార్,” అన్నాడు ఆ ఎర్రకళ్లవాడు. “నిద్ర ఆగలే. సగమే చెప్పిన.”

“సగం చెప్పినవ్, సగం విన్నడు. వచ్చే వారం మంచిగ జెయ్యుండ్రి.”

మంగళవారం కాలేజీలో ఇదే తరగతి వెనక బెంచీలో కూర్చుని ప్రగతి తలకాయలు లెక్కపెట్టింది. పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లు, గదిలో ఇరవై రెండు తలలు. ఎక్కడో పెళ్లి ఉందేమో అనుకుంది. ఇప్పుడు అర్థమైంది. పదహారు జోడీలు. పదహారు మంది వస్తే ముప్పై రెండు మందికి హాజరు. ఫైలులో ఆమె అపురూపంగా దాచుకున్న ఎనభై శాతం ఇదన్నమాట.

“సార్,” అంది బీము చాటు నుంచి బయటికి వచ్చి.

అన్ని తలలూ తిరిగాయి. లక్ష్మీకాంతం గారు కళ్లజోడు పైకి తోసుకుని, ఆమెను చూసి, దొరికిపోయిన మొహం కాదు, పండగనాడు చుట్టాన్ని చూసిన మొహం పెట్టారు. “నా స్టూడెంట్. యూనివర్సిటీల చెప్తది. మన పద్మనగర్ బిడ్డనే,” అని అందరికీ పరిచయం చేశారు. నర్సింగం తన కండెల డబ్బా తుడిచి ఆమెకు వేశాడు. ఆమె కూర్చోలేదు. ఆమె మొహం చూసి సారుకు సంగతి అందింది. “పోయి ఛాయ్ తాగి రాండ్రి,” అని అందరినీ బయటికి పంపేశారు.

“ఏంది సార్ ఇది?” అంది ప్రగతి. కోపం వచ్చేసరికి ఆమె విశ్వవిద్యాలయం తెలుగు ఎటో పోయి పద్మనగర్ తెలుగు వచ్చేసింది. “వారమంత వచ్చినోనికి గైర్హాజరు వేసినరు. ఒక్కపూట రానోనికి హాజరు వేసినరు. రెండు గూడ అబద్ధాలే గదా!”

“అవును.”

“అవునంటరేంది? నాయకత్వంల మీకు నలభై రెండో నంబరొచ్చింది, తెలుసునా? అందరికంటే ఆఖరు. గది చెప్పనీకే వచ్చిన. మీ దిక్కు మాట్లాడనీకి నా చేతిల ఈ హాజరు ఒక్కటే ఉండె. అదిగూడ దొంగదే అయిపాయె!”

“నలభై రెండా?” ఆయన పట్టీ మడిచి చంకలో పెట్టుకున్నారు. “నలభై ఒకటి ఎవనిది?”

“సార్!”

“కూసో బిడ్డా. చెప్త.” ఆయన పక్కనున్న సాంచె మీద చెయ్యి వేశారు. “పొద్దుగాల ఎనిమిదికి రాత్రోడు దిగుతడు, పగటోడు ఎక్కుతడు. అప్పుడు ఇద్దరు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటరు. ఏ సాంచె సతాయిస్తున్నది, ఎక్కడ పోగులు తెగుతున్నయి, ఏ బీము ఆఖరుకొచ్చింది. సాయంత్రం గూడ గంతే. దిగేటోడు సక్కగ అప్పజెప్పకుంటే ఎక్కేటోని బట్ట ఖరాబైతది. ఈ పది నిమిషాలు ఈళ్లకు ఎవలు నేర్పలే, అయ్యలను సూసి నేర్సుకున్నరు. నేను ఏం చేసిన? ఆ పది నిమిషాలను జర పొడుగు చేసిన. సాంచె సంగతి చెప్పినంక పాఠం గూడ చెప్పుమన్న. శుక్రారం నాడు రానోన్ని అడుగుత. వానికి వస్తే ఇద్దరు వచ్చినట్టే. రాకుంటే ఇద్దరు రానట్టే.”

“యూనివర్సిటీ రూలు అట్ల లేదు సార్. డెబ్బై అయిదు శాతం మనిషి వచ్చి కూసోవాలె.”

“పగటిపాళీ వారం ఎట్ల కూసుంటరు? రాంగ రాంగ యాభై శాతమే అయితది. ముప్పై రెండు మందికి హాల్‌టికెట్ రాదు. సదువు ఆపుమని చెప్పాల్నా?”

ప్రగతికి ఆ క్షణంలో ఆయన మీద కోపం ఎంత ఉందో ప్రేమ అంతకు రెట్టింపు ఉంది. ముప్పై మందిని ఒకరి చదువుకు ఒకరు పూచీ పడేలా చేసిన మనిషి ఈయన. నిద్రలేని కళ్లవాడు తన శ్రమంతా రబ్బరుతో చెరిపేస్తుంటే 'తప్పు నాదే' అన్నాడంటే ఆ తరగతిలో ఈయన మాటకు ఎంత విలువుందో చూడాలి. ఆమె తొంభై ప్రశ్నల్లో దీన్ని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. అలాగని తప్పు తప్పు కాకుండా పోదు. సిరాతో రాసిన అబద్ధం అది, దాని కింద ఆమె సంతకం పెట్టాలి.

“ఎవరికైనా చెప్పారా ఇది?”

“అడిగినోడు లేడు. నీ కాగితంల గూడ అడగలేదు. అడిగితే రాద్దును.”

రాసేవాడే. అందులో ఆమెకు అనుమానం లేదు.

ఇల్లు రెండు గల్లీల అవతల. ఇద్దరూ నడిచి వచ్చేశారు. యమునాబాయి ఛాయ్‌తో పాటు వేడి సర్వపిండి పళ్లెంలో పెట్టి తెచ్చింది. ప్రగతి పళ్లెం ముట్టుకోకుండా, ఆగిన కోపం మళ్లీ మొదలుపెట్టింది.

“ఇట్ల ఎట్ల చేసినరు సార్ మీరు? ప్రిన్సిపాల్ పోస్టు సంగతి ఇడిసిపెట్టుండ్రి. రెండేండ్లల రిటైరు గావాలె. సస్పెండ్ చేస్తే? ఆ పిల్లల పరీక్షలు రద్దు చేస్తే? పక్కోని సదువుతోని హాజరు వేసుడు యాడన్న ఉంటదా?”

యమునాబాయికి భర్తను ఎవరైనా తిడితే ఊరుకోవడం చేతకాదు. ఆ హక్కు తన ఒక్కదానిదేనని ఆమె నమ్మకం.

“ఏందే గంత గరమైతున్నవ్ సారు మీద?” అంది గిన్నె కింద పెట్టి. “లోకంల ఎవరన్న అనొచ్చు, నువ్వు అనొద్దు బిడ్డా. ఈ జోడీల హాజరు నీతోని షురూ గాలేదా?”

“నువ్వు లోపటికి పో!” అన్నారు లక్ష్మీకాంతం గారు. ఆయన గొంతు పెంచడం ప్రగతి కార్ఖానాలో తప్ప ఇంకెక్కడా వినలేదు.

“నేనెందుకు పోవాలె? నిజం చెప్పిన.”

“నాతోని ఏంది చిన్నమ్మా?”

యమునాబాయికి అప్పుడు అర్థమైంది, ఈ పిల్లకు నిజంగానే తెలియదని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాట దాటిపోయింది.

ప్రగతి బీకాం మూడో సంవత్సరంలో ఉండగా తండ్రికి ఛాతీ జబ్బు చేసింది. ఇంట్లో కండెలు చుట్టే మిషను ఆగితే పొయ్యి ఆగేది. ఎదురింటి దీపాలిదీ ఇంచుమించు అదే గతి, అదే తరగతి. ఇద్దరు ఆడపిల్లలూ కలిసి ఒక ఉపాయం చేసుకున్నారు. ఒక వారం ప్రగతి కాలేజీకి పోతే దీపాలి రెండిళ్ల కండెలూ చుట్టేది. మరుసటి వారం దీపాలి పోయేది. సాయంత్రాలు మిషను పక్కన కూర్చుని, కాలేజీకి వెళ్లినది వెళ్లనిదానికి ఆ రోజు పాఠం చెప్పేది. అదంతా ప్రగతికి బాగా గుర్తుంది. ఆ రోజులంటే ఆమెకు ఇష్టం కూడా. శుక్రవారాలు సారు వాళ్లింటికి వచ్చేవారు. నాన్న ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవారు. ఛాయ్ తాగుతూ తాగుతూ, ఊసుపోకకు అడిగినట్టు, 'ఈ వారం కాలేజీల ఏం చెప్పిన్నో నీకేమన్న తెలుసా?' అనేవారు. ఆమె గడగడా అప్పజెప్పేది. తర్వాత దీపాలి వాళ్లింటికి వెళ్లి అక్కడా ఛాయ్ తాగేవారు. సారుకు ఛాయ్ అంటే ప్రాణం అనుకుంది ప్రగతి, పన్నెండేళ్లుగా అలాగే అనుకుంటోంది.

“నేను సగం రోజులే కాలేజీకి వచ్చిన,” అంది మెల్లగా. “నా హాల్‌టికెట్ ఎట్ల వచ్చింది అని ఒక్కనాడు గూడ అడగలే.”

“అడిగే వయసా నీది?” అన్నారు ఆయన. “మీ ఇద్దరిని సూసినంకనే నాకు తెలివి వచ్చింది. నేను కనిపెట్టిందేం లేదు బిడ్డా. మీరు చేసుకున్నరు, నేను రాసుకున్న. ఆ ఏడు ఇద్దరికి ఫస్ట్ క్లాసొచ్చింది. తర్వాత ఏడు నాలుగు జోడీలు నా దగ్గరికి వచ్చిన్రు.”

ఫస్ట్ క్లాసు. దాని మీద బీఎడ్, దాని మీద ఎంఎడ్, దాని మీద డాక్టరేటు, దాని మీద ఉద్యోగం. నాయకత్వం గురించి, సృజన గురించి నలభై రెండు మందికి మార్కులేసే అధికారం. అన్నిటికీ అడుగున సిరాతో రాసిన ఆ 'హా'లు. పన్నెండేళ్ల కిందటి డిగ్రీని ఇప్పుడు లాక్కుంటారా అనేది రూల్స్ తెలిసినవాళ్లు చెప్పాలి. లాక్కోకపోయినా, డాక్టర్ ప్రగతి దొంగ హాజరుతో పాసయిందన్న మాట విశ్వవిద్యాలయం వరండాల్లో తిరగడానికి ఒక్క పూట చాలు.

“ఇను,” అన్నారు లక్ష్మీకాంతం గారు. “నువ్వు ఏ కాగితం మీద సంతకం పెట్టకు. రేపు నేనే చెప్త. తప్పు నాది, ఏం జేసుకుంటరో నన్ను జేసుకోండ్రి, పిల్లల హాల్‌టికెట్లు మాత్రం ఆపకుండ్రి అంట. నీ ముచ్చట మాత్రం ఆడ రావొద్దు. తెల్వక జరిగినదానికి నువ్వెందుకు నిలబడాలె? మాటియ్యి.”

ప్రగతి మాట ఇవ్వలేదు. చల్లారిపోయిన ఛాయ్ తాగి, సర్వపిండి ముక్క చేతిలో పట్టుకుని లేచింది. యమునాబాయి గుమ్మం దాకా వచ్చి, ఏం చెయ్యాలో తెలియక ఆమె జుట్టు సర్ది పంపింది.

శనివారం పదకొండు గంటలకు కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు వెంకటసుబ్బారావు గారు నూలు వ్యాపారి, ట్రస్టుకు పెద్ద, అందరితోనూ మంచిగా ఉండి భోజనాల వేళకు ఇల్లు చేరాలని కోరుకునే మనిషి. ఆయన పక్కన విశ్వవిద్యాలయం తరఫున వచ్చిన ఒక మరాఠీ పెద్దాయన, సన్నగా, మర్యాదగా, ముందు ఒక తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాడు. మూడో కుర్చీ ప్రగతిది. ఆమె ముందు ఫైలు మూసే ఉంది.

లక్ష్మీకాంతం గారు ఎదురు కుర్చీలో కూర్చుని, తనను అడగకముందే, మరాఠీలో అంతా చెప్పేశారు. జోడీలు, శుక్రవారాలు, పెన్సిలు చుక్కలు, సిరా. ఒక్క ముక్క తగ్గించలేదు. “ముప్పై రెండు మంది పరీక్ష రాయాలి. ఎవరినైనా పిలిచి ఏ పాఠమైనా అడగండి. రాకపోతే నన్ను ఏమైనా చేయండి. వస్తే వాళ్లను వదిలేసి నన్ను ఏమైనా చేయండి,” అని ముగించారు.

వెంకటసుబ్బారావు గారు మొహం తుడుచుకున్నారు. “ఎంత పని చేశారండీ మాస్టారూ! ఇవాళ మిమ్మల్ని ప్రిన్సిపాల్‌గా చూద్దామనుకుంటే!” అన్నారు తెలుగులో, నిజమైన బాధతో.

మరాఠీ పెద్దాయన కోప్పడలేదు. “ఇది ఎన్నాళ్లుగా జరుగుతోంది?”

“పన్నెండేళ్లు.”

“అయితే పాత రిజిస్టర్లు తెప్పించాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియాలి కదా. మొదటి జోడీ పేర్లు చెప్పండి.”

ముప్పై ఏళ్లుగా తన దగ్గర చదివిన ప్రతి ఒక్కరి పేరూ, తండ్రి పేరూ, ఏ కార్ఖానాలో పనిచేసేవారో కూడా చెప్పగల మనిషి లక్ష్మీకాంతం గారు. తొంభై ప్రశ్నల్లో ఒక్క దానికీ తనకు లాభమయ్యే అబద్ధం చెప్పడం చేతగాక ఆఖరున నిలిచిన మనిషి. ఆయన బల్ల మీద తన రెండు చేతులూ చూసుకున్నారు.

“గుర్తు లేదు,” అన్నారు.

“ఒక్క పేరైనా?”

“గుర్తు లేదు. పెద్దవాణ్ణయ్యాను.”

వెంకటసుబ్బారావు గారికి ప్రాణం లేచి వచ్చింది. “పోనీండి, అంత పాత సంగతులు తవ్వి ఏం లాభం? ఈ సంవత్సరం వరకు చూసుకుందాం,” అన్నారు. పెద్దాయన కూడా తలూపాడు. అంతటితో పోయేది. లక్ష్మీకాంతం గారు ప్రగతి వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నారు. ఆయన మెడ నరాలు బిగిసి ఉన్నాయి. ఆ వయసులో మొదటిసారి నోటితో అబద్ధం చెప్పిన మనిషికి అది ఎంత కష్టమైందో ఆమెకు కనబడుతూనే ఉంది. తన కోసం ఆయన అంత కష్టపడటం ఆమె భరించలేకపోయింది.

ప్రగతి లేచింది. తన కుర్చీని బల్ల ఇవతలికి లాక్కుని వచ్చి ఆయన పక్కన వేసుకుని కూర్చుంది.

“నాకు గుర్తుంది,” అంది మరాఠీలో. “మొదటి జోడీలో ఒక పేరు నాది. రాసుకోండి.”

“బిడ్డా!” అన్నారు లక్ష్మీకాంతం గారు తెలుగులో.

మరాఠీ పెద్దాయన కాగితం మీద తేదీ వేసి, కింద ఆమె పేరు నిదానంగా రాశాడు. పక్కన ఒకటి అని అంకె వేశాడు. దాని కింద రెండు అని వేసి కలం ఆపాడు.

“జోడీ అంటున్నారు కదా. రెండో పేరు?”

దీపాలి ఇప్పుడు నిజాంపురాలో బడి పంతులమ్మ. ఇద్దరు పిల్లల తల్లి. ఆ డిగ్రీ మీదే ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగం మీదే ఆ ఇల్లు. నిన్న సాయంత్రం నుంచి ఈ ఉదయం దాకా ప్రగతి వంద సంగతులు ఆలోచించింది. దీపాలిని అడగాలన్న సంగతి ఒక్కటే ఆమెకు తట్టలేదు.